రైఫిల్ బారెల్ ఆయుష్షు

రైఫిల్ బారెల్ ఆయుష్షును ఏళ్లతో కొలవరు, పేల్చిన తూటాలతో కొలుస్తారు. గొట్టం లోపలి గాడులు దెబ్బతిని, ఆ రైఫిల్ నుంచి ఆశించే గురి తప్పిపోయేలోపు ఎన్ని తూటాలు పేల్చగలిగితే అంతే దాని ఆయుష్షు. కొన్ని రైఫిళ్లలో ఆ ఆయుష్షు వెయ్యి తూటాలు దాటగానే ముగిసిపోతుంది. కొన్నిటిలో యాభై వేలు దాటినా ముగియదు.

ఏళ్ల లెక్కకూ తూటాల లెక్కకూ ఉన్న తేడా గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్‌లో బాగా అర్థమవుతుంది. 1708లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ ఇక్కడే కన్నుమూశారు. ఇక్కడి గురుద్వారా తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్‌లో ఆయనవిగా భద్రపరిచిన ఆయుధాల్లో కత్తులు, విల్లులు, బాణాలతో పాటు ఒక జామగి తుపాకి కూడా ఉంది. నిప్పంటించిన తాడుతో మందు వెలిగించి పేల్చే పాతకాలపు తుపాకి ఇది. ఏటా దీపావళికి ముందు జరిగే తఖ్త్ స్నాన్ వేడుకలో గోదావరి నీటితో మందిరాన్ని కడిగి, శస్త్రాలను శుభ్రం చేస్తారు. అలాంటి గొట్టం మూడు శతాబ్దాలు నిలవడానికి కారణం దాన్ని పేల్చకపోవడమే. పేల్చని గొట్టానికి శత్రువు తుప్పు ఒక్కటే. తుడిచి, నూనె రాసి, తడి తగలకుండా చూసుకుంటే అది తరాలు దాటుతుంది. పైగా జామగి తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది, అరిగిపోవడానికి గాడులే ఉండవు.

మన దేశంలో గొట్టాల సంరక్షణకు లిఖిత చరిత్ర ఉంది. అక్బర్ కాలపు పాలనను వివరించిన అబుల్ ఫజల్ గ్రంథం ‘ఐన్-ఇ-అక్బరీ’ తుపాకుల తయారీకి ప్రత్యేకంగా చోటిచ్చింది. ఇనుప రేకును కాగితం చుట్టినట్టు ఏటవాలుగా మెలితిప్పి అతికించే పద్ధతిని అందులో వర్ణించారు. ఎద్దు తిప్పే చక్రంతో ఒకేసారి పదహారు గొట్టాలను శుభ్రం చేసే ‘బర్ఘూ’ అనే యంత్రం గురించీ చెప్పారు. అక్బర్ ఇష్టపడిన ‘సంగ్రామ్’ తుపాకితో 1,019 జంతువులను కొట్టినట్టు లెక్క రాశారు. ఏ తుపాకి ఎంత వేటాడిందో విడివిడిగా రాయించిన ఆ అలవాటు చాలా ముందుచూపుతో కూడినది. ఇప్పటి షూటర్లు రాసుకునే తూటాల లెక్కల పుస్తకానికి అది దగ్గరి చుట్టం.

గొట్టం లోపల మెలికల గాడులు కోసి, తూటాను గిర్రున తిప్పుతూ పంపే రైఫ్లింగ్ ఐరోపాలో 15వ శతాబ్దం చివర్లో, 16వ శతాబ్దం మొదట్లో వచ్చింది. అయినా నల్ల తుపాకి మందు వాడినంత కాలం అరుగుదల పెద్ద చర్చ కాలేదు. మెత్తని సీసపు గుండు, తక్కువ పీడనం ఉక్కును అంతగా బాధించవు. అప్పటి బాధంతా మసిది. నాలుగు గుండ్లు పేల్చేసరికి గాడులు మసితో పూడుకుపోయేవి. ఆ ఇబ్బందిని తప్పించడానికే విలియం మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరు లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉండే ఏడు గాడులను రూపొందించాడు. 1888లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌కు అవే పెట్టారు.

కథ అడ్డం తిరిగింది అక్కడే. 1889లో ఆబెల్, డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు కార్డైట్ అనే పొగ తక్కువ మందుకు పేటెంట్ తీసుకున్నారు. అందులో నైట్రోగ్లిజరిన్ 58 శాతం, గన్‌కాటన్ 37 శాతం, మిగిలింది పెట్రోలియం జెల్లీ. మసి తగ్గింది, వేగం పెరిగింది, కాని మంట వేడి విపరీతమైంది. మసికోసం చేసిన లోతు తక్కువ గాడులు ఆ వేడికి త్వరగా అరిగిపోయాయి. 1895లో వాటి స్థానంలో అంచులు పదునుగా, లోతుగా ఉండే ఐదు ఎన్‌ఫీల్డ్ గాడులు వచ్చాయి. తర్వాత మందునూ మార్చి, నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి తగ్గించి, గన్‌కాటన్‌ను 65 శాతానికి పెంచారు. మన పోలీసులు దశాబ్దాలపాటు భుజాన మోసిన త్రీ నాట్ త్రీ రైఫిల్ ఈ వంశంలోనిదే. బారెల్ చరిత్రలో ఇంతకంటే పెద్ద పాఠం లేదని చెప్పవచ్చు: గొట్టాన్ని తినేది ప్రధానంగా తూటా రాపిడి కాదు, మందు మంట.

ఆ మంట చేసే పని ఇలా ఉంటుంది. తూటా పేలిన క్షణంలో వాయువుల వేడి 2,500 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. సెకనులో వెయ్యో వంతుల కాలంలో గొట్టం లోపలి పైపొర భగ్గున వేడెక్కి, వెంటనే చల్లారుతుంది. వాయువుల్లోని కార్బన్, నైట్రోజన్ ఆ పొరలోకి చేరి ఉక్కును పెళుసుగా మారుస్తాయి. క్రమంగా ఎండిన చెరువు అడుగులో నెర్రెలు విచ్చినట్టు సన్నని పగుళ్లు పడతాయి. తర్వాతి తూటాల వాయువులు ఆ పగుళ్ల అంచులను పెకలించుకుపోతాయి. తూటా కూర్చునే ఛాంబర్ దాటగానే గాడులు మొదలయ్యే చోటును గొంతు అంటారు. దెబ్బ మొదట తగిలేది అక్కడే. అందుకే గొట్టం కొస మెరుస్తున్నా గొంతు పాడై ఉండవచ్చు.

తుప్పు వల్ల జరిగే నష్టం వేరు. తూటాలో మందుకు నిప్పంటించే పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని గొట్టాన్ని తినేసేది. నూనెలో ఉప్పు కరగదు కనుక నూనె రాసినా ఫలితం ఉండేది కాదు. మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆపైన నూనె రాయాల్సి వచ్చేది. వానాకాలపు గోదావరి తీరంలో ఇలాంటి తూటాలు పేల్చిన రైఫిల్‌ను కడగకుండా ఒక్క రాత్రి వదిలేయడం కూడా తప్పే.

ఎన్ని తూటాలకు మార్చాలన్నది రైఫిల్ జాతిని బట్టి, వాడే పనిని బట్టి ఉంటుంది. సన్నని గొట్టంలో ఎక్కువ మందు మండితే ఆయుష్షు తగ్గుతుంది. పోటీ స్థాయి గురి కోరేవారు సాధారణంగా పాయింట్ త్రీ నాట్ ఎయిట్ బారెల్‌కు సుమారు 5,000, 6.5 క్రీడ్‌మూర్‌కు 2,000 నుంచి 3,000, పెద్ద మాగ్నమ్‌లకు 1,000 నుంచి 1,500 తూటాలను ఆయుష్షుగా లెక్కవేసుకుంటారు. సైనిక రైఫిళ్లలో కోరే గురి అంత సూక్ష్మమైనది కాదు కనుక అవి ఎక్కువ కాలం నడుస్తాయి. గొట్టం లోపల క్రోమియం పూత ఉంటే ఇంకా మేలు. మన సైన్యపు ఇన్సాస్ రైఫిల్‌కు ఆరు గాడులతో క్రోమ్ పూత గొట్టం ఉంది. ఇక ఎడతెరిపి లేని కాల్పులు ఏ బారెల్‌నైనా చంపుతాయి. తాకలేనంత వేడెక్కిన గొట్టానికి విరామం ఇవ్వడమే ఆయుష్షు పెంచే చౌకైన మార్గం.

క్రీడా రంగంలో లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. ఆ రైఫిల్‌లో మందూ లేదు, మంటా లేదు. గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్ వెళ్తుంది. దాని బారెల్ సక్రమంగా చూసుకుంటే క్రీడాకారుడి కాలానికి సరిపోతుంది. మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలె 2024 పారిస్‌లో కాంస్యం తెచ్చిన 50 మీటర్ల పోటీలో పాయింట్ టూ టూ తూటాలు వాడతారు. అందులో మందు కొంచెమే కాబట్టి ఆ బారెళ్లు పదుల వేల తూటాలను తట్టుకుంటాయి.

మార్చాల్సిన వేళను ఒక్క గుర్తుతో తేల్చకూడదు. గ్రూపింగ్, అంటే లక్ష్యంపై తూటాల గుర్తుల గుంపు విస్తరించడం, తూటా వేగం తగ్గడం, అరుగుదల కొలిచే గేజ్ గొంతులోకి హద్దు దాటి దిగడం, గొట్టం లోపల చూసే బోర్‌స్కోప్‌లో పగుళ్లు కనిపించడం కలిసివస్తే గొట్టం పని అయిపోయినట్టే. తూటా తిరగడం తప్పి లక్ష్యానికి అడ్డంగా తగిలి పొడవాటి రంధ్రం చేస్తుంటే పరీక్ష కూడా అక్కర్లేదు. కాని ఒక్కోసారి రాగి మరకలు, వదులైన మరలు, తూటాల బ్యాచ్ మారడం కూడా గ్రూపింగ్‌ను చెడగొడతాయి. ముందు వాటిని సరిచూడకుండా బారెల్‌ను తప్పుపట్టకండి. శుభ్రం చేసే కడ్డీతో గొట్టం కొస అంచును రాపాడిస్తే కొత్త బారెల్ కూడా గురి తప్పుతుంది.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. తుపాకి గొట్టాన్ని పొట్టిగా కోయడానికీ లైసెన్సు ఉండాలి. బారెల్ మార్పిడి లైసెన్సు ఉన్న తుపాకి మరమ్మతుదారు దగ్గర, లైసెన్సులో నమోదైన ఆయుధానికే జరగాలి. కొత్త బారెల్ బిగించాక రైఫిల్‌ను మళ్లీ జీరోయింగ్ చేయాలి, ఎందుకంటే పాత గొట్టానికి కుదిర్చిన గురి దీనికి సరిపోదు.