జాతి చూసి, బరువు చూసి

ఏప్రిల్ నెల. పొద్దున అయిదున్నర. అల్వాల్ దాటాక ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ మైదానమిది. చెప్పులు విడిచి నిలబడితే రాత్రి చలవ ఇంకా అరికాళ్లకు తగులుతోంది. తొమ్మిది దాటితే ఈ మట్టే కాలడం మొదలుపెడుతుంది, పక్కనున్న తారురోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఎండాకాలంలో ఇక్కడ క్లాసు ఏడింటికల్లా అయిపోతుంది.

నేర్పే పెద్దాయన సైన్యంలో కుక్కల హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యారు. మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో పని నేర్చుకున్నారు. ఇక్కడ అందరూ సుబేదార్ సాబ్ అనే పిలుస్తారు. చేతిలో కర్ర లేదు, మెడలో విజిల్ లేదు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉప్పూ కారం ఉల్లీ లేకుండా ఉడికించిన కోడి లివర్ ముక్కలున్నాయి. మైదానంలో కాలు పెట్టిన ప్రతి కుక్క ముక్కూ ముందు ఆ సంచి వైపే తిరుగుతోంది.

గేటు దగ్గర కారు తలుపు తెరుచుకుంది. వెనక సీట్లోంచి లేత పసుపు లాబ్రడార్ ఒకటి దూకడానికి ముందుకాళ్లు లేపింది. "దూకనియ్యకు బిడ్డా, ఎత్తి దించు" అంటూ సుబేదార్ సాబ్ గబగబా అటు నడిచారు. ఏడు నెలల పిల్ల. పాతిక కిలోల బరువుంది, చూపుకు ఎదిగిన కుక్కే. కానీ కాళ్లలో ఎముకల చివర్లు ఇంకా ముదరలేదు. చిన్న జాతుల్లో ఆ ఎదుగుదల దాదాపు పది నెలలకు పూర్తవుతుంది. లాబ్రడార్‌కు ఏడాది దాటాలి, గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలకు ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. అప్పటిదాకా ఎత్తుల మీంచి దూకించడం, స్కూటర్ వెంట పరుగెత్తించడం కీళ్లకు చేటు. పైగా లాబ్రడార్‌లో తుంటి కీళ్ల జబ్బు తరచూ కనిపించేదే.

ఈ లాబ్రడార్ పేరు బ్రూనో. వాడితో పాటు ఇంటి నుంచి ముగ్గురొచ్చారు. తండ్రి "సిట్" అన్నాడు. కూతురు "సిట్ డౌన్ బ్రూనో, ప్లీజ్" అంది. నాయనమ్మ "కూసో రా" అంది. బ్రూనో ముగ్గురి మొహాలూ చూసి తోకాడించాడు, కూర్చోలేదు.

"పొద్దంతా వీడితో ఇంట్ల ఉండేది ఎవరమ్మా?"

"నేనే సార్."

"అయితే మీ మాటే ఖాయం. ఇంట్ల అందరూ కూసో అనే అనాలె. ఒక్కసారే అనాలె."

ఇప్పుడు ఆయన చేతిని దగ్గరగా చూడండి. లివర్ ముక్క రెండు వేళ్ల మధ్య ఉంది. చెయ్యి బ్రూనో ముక్కుకు దాదాపు ఆనించి, నెమ్మదిగా పైకి, తల మీదుగా వెనక్కి జరిపారు. ముక్కు చేతిని వెంబడించింది. తల పైకి లేచిన కొద్దీ నడుము కిందికి దిగింది. పిరుదులు మట్టిని తాకీ తాకగానే "శభాష్", ముక్క నోట్లో. రెండు సెకన్లు ఆలస్యమైతే బ్రూనో అప్పటికే లేచి నిలబడేవాడు, ఆ ముక్క లేచినందుకు ఇచ్చినట్టు లెక్క తీసుకునేవాడు. నాలుగోసారికి చెయ్యి ఖాళీ. నాయనమ్మ "కూసో" అంది, బ్రూనో కూర్చున్నాడు. ఆవిడ మొహంలో వెలుగు చూడాల్సిందే.

కూతురు సంతోషంతో గుప్పెడు ముక్కలు తియ్యబోతే సుబేదార్ సాబ్ ఆపి, ఒక్క ముక్కను వేలి గోరంత తునకలు చేసి ఇచ్చారు. తిండి ఆశ ఉన్న కుక్క త్వరగా నేర్చుకుంటుంది, అంతే త్వరగా ఒళ్లు చేస్తుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లాబ్రడార్‌లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడం కనిపెట్టారు. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌కు ఆ లోపం ఉంది. అలాంటివాటికి ఆకలి, ఒంటి బరువు రెండూ ఎక్కువే. కాబట్టి మైదానంలో పెట్టిన తునకలు రాత్రి గిన్నెలోంచి తగ్గించాలి. ఈ కుక్కల పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు వలలు, చేపలు నోట కరిచి తెచ్చిపెట్టినవి. బ్రూనో చెప్పులు నోట కరుచుకుని తిరగడం పొగరు కాదు, వంశం పని. కొట్టి మాన్పించే బదులు వాడికంటూ మొయ్యడానికి ఒక గుడ్డబంతి ఇచ్చి, "ఇచ్చెయ్" అంటే వదలడం నేర్పితే సరిపోతుంది.

మైదానం ఆ చివర పదో తరగతి కుర్రాడొకడు గొంతు పోయేలా "కమ్, కమ్, కమ్" అంటున్నాడు. వాడి బీగిల్ ఒక్కసారి కూడా తలెత్తలేదు. ముక్కు గడ్డిలో, తోక నిటారుగా ఆకాశంలో. రాత్రి ఇటుగా పందికొక్కో పిల్లో పోయినట్టుంది. కుందేళ్ల వాసన పట్టి గుంపుగా తరమడానికి ఇంగ్లండ్‌లో తయారు చేసిన జాతి ఇది. ముక్కు పని మొదలుపెట్టాక చెవి చేసే పని తగ్గిపోతుంది.

"పిలవడం బంద్ చెయ్" అన్నారు సుబేదార్ సాబ్. "ఇప్పటిదాకా ఇరవై సార్లు పిలిచినవ్. ఆ మాటకు అర్థం లేదని ఇరవై సార్లు నేర్పించినవ్." కుర్రాడి చేతికి పదిమీటర్ల తాడిచ్చారు. లివర్ తునకలు కొన్ని గడ్డిలో దాచి బీగిల్‌ను వెతకనిచ్చారు. అది ఒక్కో తునకా పట్టుకున్నప్పుడల్లా కుర్రాడు పక్కనే నిలబడ్డాడు. దాచిన తునకలు అయిపోయాక వాడు నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్కసారే "కమ్" అన్నాడు. బీగిల్ తలెత్తింది. వచ్చింది. తలుపు తీసిన ఇంట్లో, తాడు లేని రోడ్డు మీద బీగిల్‌ను పిలిస్తే వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దని సుబేదార్ సాబ్ ఖండితంగా చెబుతారు. నా అభిప్రాయమూ అదే. ఎంత బాగా నేర్చిన బీగిల్‌నైనా వాసన లాక్కుపోగలదు.

అప్పుడే ఒక పెద్దావిడ చంకలో పామరేనియన్‌తో వచ్చింది. మన ఊళ్లలో పామరేనియన్ అని పిలిచే తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. ఇది మాత్రం అసలుదే, మూడు కిలోలు కూడా ఉండదు. పేరు చిన్ని. బ్రూనోను చూడగానే చంకలోంచే మొదలుపెట్టింది, ఒళ్లంతా అదిరిపోయేలా అరుపు. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటగా నవ్వారు. సుబేదార్ సాబ్ నవ్వలేదు.

"చిన్నదే కదా సార్, కరిచినా ఏం కాదు. మొన్న మనవడి వేలు పట్టుకుంది, అంతే."

"అమ్మా, ఇదే పని ఆ బ్రూనో చేస్తే మీరు ఊరుకుంటరా?"

ఆవిడ మాట్లాడలేదు. నేను ఈ మైదానానికి రమ్మని ఎవరికైనా చెబితే ఈ ఒక్క ప్రశ్న కోసమే. 2010లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు 1276 మంది యజమానుల్ని ప్రశ్నించి ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్న కుక్కలున్నవాళ్లు మాట మీద నిలకడగా ఉండటం తక్కువ, కుక్కతో కలిసి శిక్షణ, ఆటలు తక్కువ. ఆ కుక్కలు మాట వినడమూ తక్కువే, రెచ్చిపోవడం, కరవబోవడం ఎక్కువ. తరచూ శిక్షించే ఇళ్లలో కుక్కల దూకుడు ఇంకా ఎక్కువగా కనిపించింది, అది చిన్నవైనా పెద్దవైనా. చిన్న జాతికి పుట్టుకతోనే పొగరు అనేస్తాం గానీ, సగం మనం నేర్పకపోవడం వల్ల వచ్చిందే.

చిన్ని మెడకు గజ్జెల బెల్టుంది, దానికి సన్న గొలుసు. ఆవిడ కిందికి దించగానే చిన్ని బ్రూనో మీదికి ఉరికింది, గొలుసు బిగిసింది, వెంటనే ఎండు దగ్గు. బాతు అరుపులాంటి దగ్గు. సుబేదార్ సాబ్ ఇక ఆగలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, చిన్నికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి, బెల్టు నుంచి గొలుసు తీసేసి తన సంచిలోని చిన్న హార్నెస్ తొడిగారు. ఇలాంటి బుల్లి జాతుల్లో శ్వాసనాళం మృదులాస్థి వలయాలు మెత్తబడి నలిగిపోయే జబ్బు కనిపిస్తుంది, మెడ మీద పడే ప్రతి గుంజుడూ దాన్ని పెంచుతుంది. హార్నెస్ బరువును ఛాతీ మీదికి మారుస్తుంది. ఈ దగ్గు మళ్లీ వస్తే డాక్టరుకు చూపించమని చెప్పారు.

ఆయన నిలబడి వంగకుండా కూర్చోవడం గమనించారా? మూడు కిలోల ప్రాణి మీదికి మనిషి వంగితే దానికి ఆకాశం మూసుకుపోతుంది. బ్రూనోకు పైనుంచి ఇచ్చిన చెయ్యి, చిన్నికి నేలబారున ఇచ్చారు. తునక కూడా మిరియపు గింజంత. అంతకంటే పెద్దదైతే నాలుగింటితోనే చిన్ని కడుపు నిండుతుంది, పాఠం అక్కడే ఆగిపోతుంది.

తర్వాత ఆవిణ్ని, చిన్నిని బ్రూనోకు ముప్పై అడుగుల దూరం తీసుకెళ్లారు. అక్కడ చిన్ని బ్రూనోను చూసింది, అరవలేదు, ఆవిడ వైపు తలతిప్పింది. తునక. మళ్లీ చూసింది. మళ్లీ తునక. రెండడుగులు దగ్గరికి. చెవులు వెనక్కి వాలితే ఒకడుగు వెనక్కి. చంకలో ఉన్నప్పుడు దానికి పారిపోయే దారి లేదు, అరిస్తే అవతలి కుక్క యజమాని దాన్ని పక్కకు లాక్కెళ్తాడు, అరుపు పనిచేసిందన్నమాట. ఇప్పుడు నేల ఉంది, దూరం ఉంది. పావుగంటలో పది అడుగులు తగ్గాయి. పావుగంటతోనే ఆపేశారు కూడా. "ఇంక కొంచెం" అని ఆవిడ అంటే, "గెలిచినప్పుడే ఇంటికి పోవాలె అమ్మా" అన్నారు.

ఒక మూల అన్నదమ్ములిద్దరు నాలుగు నెలల రాట్‌వైలర్‌తో నిలబడ్డారు. దీంతో ఆయన గడిపింది కొద్దిసేపే, కానీ మాటలు పదునుగా ఉన్నాయి. "ఇవ్వాళ మీ ఛాతీ మీద కాళ్లు పెడితే ముద్దొస్తది. ఏడాది తర్వాత యాభై కిలోలతో పెట్టినా అప్పుడూ ఇట్లనే ముద్దుగుండాలె." మీదికెక్కితే వెనక్కి తిరిగి నిలబడాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే పలకరింపు. తలుపు తీసినా అనుమతి లేకుండా గడప దాటకూడదు. జర్మనీలోని రోట్‌వైల్ ఊరి పరిసరాల్లో పశువుల్ని తోలిన కుక్క ఇది, ఒంటి బరువుతో నెట్టడం దానికి తెలిసిన పని. 2024 మార్చిలో కేంద్రం రాట్‌వైలర్ సహా 23 జాతుల పెంపకం ఆపాలని రాష్ట్రాలకు రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరాన్ని కొట్టేసింది. జాతి పేరు రాసి నిషేధిస్తే భద్రత రాదు, కానీ యాభై కిలోల కుక్కకు నాలుగో నెలలో నేర్పనివాడు ఇరుగుపొరుగుకు అన్యాయం చేస్తున్నట్టే.

జర్మన్ షెపర్డ్ ఒకటి ఆటో చప్పుడుకు యజమాని కాళ్ల వెనక దాక్కుంది. పోలీసు కుక్కల జాతి భయపడుతుందా అని ఆ యువకుడు చిన్నబోయాడు. భయపడుతుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, పద్దెనిమిది వేలకు పైగా కుక్కల వివరాలు చూసి, ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది. జాతి మనకు మొదటి ఊహ ఇస్తుంది, మిగతాది ఎదురుగా ఉన్న కుక్కను చూసి తెలుసుకోవాలి. ఈ కుక్క కూనగా ఉన్నప్పుడు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా, లోకం పరిచయం కావాల్సిన రోజులన్నీ నాలుగు గోడల మధ్యే గడిపిందట. ఇప్పుడు ఆటో చప్పుడును దూరం నుంచి, తునకలతో, నెలల తరబడి అలవాటు చెయ్యాలి.

ఆరూ ఇరవై. క్లాసుకొచ్చిన ఒక పగ్ నాలుక పొడవుగా వేలాడుతోంది, గురక పెరిగింది. సుబేదార్ సాబ్ ఆ ఇంటివాళ్లను వెంటనే నీడకు పంపి, నీళ్లు పట్టించమన్నారు. పొట్టి మూతి కుక్కకు ఒంటి వేడి తగ్గించుకోవడం కష్టం. దానికి పాఠం ఇంట్లో, ఫ్యాన్ కింద, అయిదేసి నిమిషాలు.

చిన్న కుక్క ఇంట్లో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. దాని మెడ బెల్టుకు గొలుసు తగిలించడం ఈరోజే మానేసి, సైజుకు తగ్గ హార్నెస్ కొనండి. వచ్చే ఆదివారం దాన్ని చంకన కాకుండా నేల మీద నడిపించుకుంటూ, దగ్గర్లోని శిక్షణ మైదానానికి తీసుకెళ్లండి. కూన ఇంకా చిన్నదైతే ముందు టీకాల సంగతి పశువైద్యుడిని అడగండి. ఆరు నెలలు నిండనీ అని మాత్రం ఆగకండి.