దీమా

2008 డిసెంబరు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కోర్టు. ముద్దాయి కుర్చీలో భారీ మనిషి ఒకాయన, యాభైకి ఒక్క ఏడు తక్కువ. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా కన్నకొడుకులా పెంచుకున్న పిల్లవాడి ప్రాణం పోవడానికి కారణమయ్యాడని అభియోగం. రుజువైతే పదేళ్ల దాకా జైలు. ఆయన పేరు రాయను. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు ఆ పేరుతో పని లేదు.

సాక్షులు ఒక్కొక్కరే వచ్చారు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఆయన్ను చూసిన నర్సు చెప్పింది: కళ్లు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చున్నాడట. నిద్రమందు ఇస్తామంటే వద్దన్నాడట. ఈ బాధలోంచి తనకు విరామం అక్కర్లేదని, అంతా అనుభవించి ఆ తర్వాత చచ్చిపోవాలని అన్నాడట. భార్య చెప్పింది: ఆఫీసు నుంచి బస్సులో ఇంటికి వస్తుంటే భర్త ఫోను. చెవి దగ్గర పెట్టుకుంటే అరుపులే తప్ప మాటలు లేవు. తల్లి వచ్చి, నా కొడుకు మంచి కొడుకు, మంచి తండ్రి అని ఎవరికీ జంకకుండా చెప్పింది.

ఆ కోర్టు గదిలో వెనకవైపు ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ముద్దాయికి చుట్టాలు కారు, స్నేహితులూ కారు. ఇద్దరూ అంతకుముందు ఇదే విధంగా తమ తమ బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు. ఈయన ఒంటరిగా ఉండకూడదని వచ్చారు. వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో జీన్ వైన్‌గార్టెన్ 2009 మార్చిలో ఈ విచారణ గురించీ, ఇలాంటి మరికొందరు తల్లిదండ్రుల గురించీ సుదీర్ఘంగా రాశాడు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అది చదివినవాళ్లకు ఆ ఇద్దరు ఆడవాళ్లు మరపుకు రారు.

పిల్లవాడు ఆ దంపతులకు అంత తేలిగ్గా దొరకలేదు. ఏళ్ల తరబడి పిల్లల కోసం చూశారు, కలగలేదు. రష్యా నుంచి తెచ్చుకుందామని మూడుసార్లు మాస్కో వెళ్లారు. అక్కడి నుంచి పది గంటలు రైలు, మళ్లీ వెనక్కి పది గంటలు. మంచం దిగనివ్వడమే అరుదైన ఒక అనాథాశ్రమంలో ఏడాదిన్నర పిల్లవాడు కనిపించాడు. రష్యా కాగితాల్లో వాడు దిమిత్రీ యాకోవ్లెవ్, ముద్దుగా దీమా. వీళ్లు ఇంకో పేరు పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. పచ్చిక మీద వాడితో పాటు తండ్రి కూడా చిన్నపిల్లాడైపోయి పొర్లుతుంటే చూశానని పొరుగావిడ సాక్ష్యం చెప్పింది. మంచానికి అతుక్కుని పెరిగిన బిడ్డ కదా, ప్రత్యేకంగా చూసుకునే డేకేర్ కావాలని తండ్రీ, ఆయన తోబుట్టువూ కలిసి వారాల పాటు వెతికారు.

2008 జూలై 8 ఉదయం ఆ డేకేర్‌లో పిల్లవాణ్ని దింపి ఆఫీసుకు పోవాలి. ఆఫీసులో ఆ రోజుల్లో తలనొప్పులు చాలా ఉన్నాయి. కారులో ఫోను మీద ఫోను. హెర్న్‌డన్‌లోని ఆఫీసు ముందు కారు ఆపాడు, తాళం వేశాడు, లోపలికి వెళ్లి పనిలో పడ్డాడు. వెనక సీట్లో బెల్టు కట్టి ఉన్న పిల్లవాడు దాదాపు తొమ్మిది గంటలు అక్కడే ఉన్నాడు. వాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

హెర్న్‌డన్, యాష్‌బర్న్, షాంటిలీ... ఈ ఊళ్ల పేర్లు మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు గుడివాడ, నిజామాబాద్ అన్నంత తేలిగ్గా వినిపిస్తాయి. కొడుకో కోడలో అక్కడ ఉంటారు, మనవడు అక్కడి డేకేర్‌కే పోతాడు. అందుకే ఈ వార్త విన్న ప్రతి ఇంట్లోనూ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: కన్నబిడ్డను ఎవరైనా ఎలా మరిచిపోతారండీ? గొంతులో కోపం ఉంటుంది. కోపం కింద ఇంకొకటి ఉంటుంది, దాని పేరు భయం. వాళ్లు మనలాంటివాళ్లు కారని తేల్చేసుకుంటే మనకు కాస్త నిద్ర పడుతుంది.

కానీ వాళ్లు మనలాంటివాళ్లే. ఈ చావు పంటి డాక్టరు ఇంటికి వచ్చింది, తపాలా ఉద్యోగి ఇంటికి వచ్చింది, పోలీసు ఇంటికీ, పాస్టరు ఇంటికీ, చివరికి పిల్లల డాక్టరు ఇంటికీ వచ్చింది. టాంపాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జ్ఞాపకశక్తి మీద పనిచేసే డేవిడ్ డైమండ్ ఇలాంటి కేసుల్ని ఏళ్లుగా పరిశీలిస్తున్నాడు. ఆయన చెప్పేది విప్పి చెబితే ఇలా ఉంటుంది. మనలో రెండు రకాల జ్ఞాపకాలు పనిచేస్తాయి. ఒకటి అలవాటుది. రోజూ పోయే దారిలో మనం ఆలోచించం, స్టీరింగే తీసుకుపోతుంది. రెండోది 'ఇవాళ దారిలో ఫలానా పని చేయాలి' అని గుర్తుపెట్టుకునేది. నిద్ర చాలకపోయినా, మనసు మీద బరువున్నా, రోజువారీ వరసలో ఒక్క చిన్న మార్పు వచ్చినా ఈ రెండోది తేలిగ్గా ఓడిపోతుంది. ఓడిపోయిందని మనిషికి తెలియదు కూడా. బిడ్డను దింపేశానన్న నమ్మకం తలలో స్థిరపడిపోతుంది. దింపిన జ్ఞాపకం కూడా నిజంలాగే ఉంటుంది. సాయంత్రం డేకేర్‌కు వెళ్లి పిల్లవాణ్ని ఇవ్వమని అడిగిన తల్లిదండ్రులున్నారు, బిడ్డ ఆ క్షణంలో వాళ్ల కారులోనే ఉన్నా. పిల్లవాడి కదలికకు కారు అలారం మోగితే ఆఫీసు కిటికీలోంచి చూసి, చుట్టూ ఎవరూ లేరని రిమోట్‌తో ఆపేసిన తండ్రీ ఉన్నాడు. ఒక్కసారి కాదు. డైమండ్ కూడా ఒకసారి షాపింగ్ మాల్‌కు పోతూ వెనక సీట్లో నిద్రపోతున్న మనవరాలి సంగతి పూర్తిగా మరిచిపోయాడు. పక్కన భార్య ఉండబట్టి, ఆమె మాటల్లో పాప ప్రస్తావన రాబట్టి సరిపోయింది. ఇంత చదువుకున్నవాడి కథా అంతే.

దీనికి ముందు ఇంకో కథ ఉంది. 1990లలో అమెరికా కార్లలో ముందు సీటు ఎయిర్‌బ్యాగులు పసిపిల్లల ప్రాణాలు తీశాయి. దాంతో పిల్లల్ని వెనక సీటుకు మార్చమన్నారు. శిశువుల సీటును వెనక్కి తిప్పి కట్టమన్నారు. రెండూ మంచి సలహాలే, ఎందరినో కాపాడాయి. కాకపోతే బిడ్డ ముఖం డ్రైవరు కంటికి కనబడకుండా పోయింది. నిద్రపోయే బిడ్డ చప్పుడు చేయదు. ఖాళీ సీటుకీ నిండు సీటుకీ ముందు నుంచి చూస్తే తేడా తెలియదు.

ఎండ సంగతి మనకు ఒకరు చెప్పాలా? అయినా ఈ లెక్క మాత్రం చాలామందికి తెలియదు. అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే సుమారు పదకొండు డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. పెరగాల్సిన దాంట్లో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దం కొంచెం దింపి ఉంచినా పెద్ద ఉపయోగం లేదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికన్నా మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో పదేళ్లలోపు పిల్లలు నలుగురు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు. తలుపులు పడిపోయాయి. మళ్లీ బయటికి రాలేదు. అక్కడ ఎవరూ ఎవర్నీ మరిచిపోలేదు. ఆ కారు చేసిన పని మాత్రం హెర్న్‌డన్ కారు చేసిన పనే. అమెరికాలో ఏటా సగటున 37 మంది పిల్లలు వేడెక్కిన కార్లలో పోతున్నారు. అందులో సగానికి పైగా పెద్దవాళ్లు మరిచిపోయినవాళ్లే.

వర్జీనియాలోనే నాసా పరిశోధన కేంద్రం ఒకటుంది. అక్కడి ఉద్యోగి ఒకరి పసిబిడ్డ ఇలాగే పోతే, సహోద్యోగులు కూర్చుని బిడ్డ సీటు కోసం ఒక అలారం తయారుచేశారు. పనిచేసింది. దాన్ని తయారుచేసి అమ్మడానికి కంపెనీ దొరకలేదు. కొంటే మేమూ మరిచిపోతామని ఒప్పుకున్నట్టే కదా, ఏ తల్లిదండ్రులు కొంటారు? ఇటలీ 2019లో నాలుగేళ్లలోపు పిల్లలకు ఇలాంటి పరికరం తప్పనిసరి చేసింది. కొత్త కార్లన్నిటికీ హెచ్చరిక ఉండాలని అమెరికా కాంగ్రెసు 2021లో చట్టంలో రాసి, నిబంధన తేవడానికి రెండేళ్ల గడువు పెట్టింది. ఆ గడువులోగా నిబంధన రాలేదు.

మళ్లీ ఆ తండ్రి దగ్గరికి వద్దాం. మన ఇతిహాసంలో తెలియక జరిగిన హత్య అంటే దశరథుడే గుర్తొస్తాడు. చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. నీళ్ల కోసం వచ్చిన కుర్రవాడు పోయాడు. కళ్లులేని అతని తండ్రి శపించాడు, ఆ శాపం ఏళ్ల తర్వాత అయోధ్యకు వచ్చి తగిలింది. హెర్న్‌డన్ కథలో బాణం వేసినవాడూ బిడ్డను పోగొట్టుకున్నవాడూ ఒక్కడే. శపించడానికి ఇంకొకరు అక్కర్లేదు. ఏళ్లు ఆగాల్సిన పనీ లేదు.

న్యాయమూర్తి ఆయన్ను నిర్దోషి అన్నాడు. ప్రాణాన్ని లెక్కచేయనితనం ఇందులో లేదు, కాబట్టి నేరం లేదు. పక్క కౌంటీలో అయితే అసలు కేసే పెట్టకపోవచ్చు, ఇంకో చోట జైలుకు పంపవచ్చు. అమెరికాలో ఈ చావులకు ఒక దారీ తెన్నూ లేదు, ప్రాసిక్యూటరు మనసును బట్టి. ఇంటికి పొమ్మన్నారు. ఇంట్లో ఏముంది?

విచారణ అయిపోయాక ఆయన వైన్‌గార్టెన్‌తో మాట్లాడాడు. తన కోసం ఏమీ అడగలేదు. రష్యా ప్రజల్ని క్షమించమని వేడుకున్నాడు. ఇక్కడ పిల్లలు కావాల్సిన మంచివాళ్లున్నారు, అక్కడ అమ్మానాన్నలు కావాల్సిన పిల్లలున్నారు, నా ఒక్కడి తప్పుకు అందర్నీ శిక్షించకండి అన్నాడు. ఈ గాథలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది ఈ మాటే. ఎందుకంటే నాలుగేళ్లకు సరిగ్గా అదే జరిగింది.

తీర్పు విని రష్యా అప్పుడే మండిపడింది. తన దేశంలో వేరే కేసు తెరిచింది. కోపంలో న్యాయం లేదనలేం. తమ బిడ్డ, దూరదేశంలో, శిక్ష లేకుండా. కానీ 2012లో కదిలింది వేరే చక్రం. సెర్గేయ్ మాగ్నిట్‌స్కీ అనే ఆయన ప్రభుత్వాధికారుల అవినీతిని బయటపెట్టి, 2009 నవంబరులో మాస్కో జైల్లో చనిపోయాడు. ఆ చావుకు బాధ్యులైన రష్యా అధికారులు అమెరికాలో అడుగు పెట్టకుండా, డబ్బు దాచుకోకుండా చేసే చట్టం మీద 2012 డిసెంబరు 14న ఒబామా సంతకం చేశాడు. రష్యా జవాబు ఇవ్వాలి. అమెరికాలో ఆస్తులు పెట్టుకున్న రష్యా అధికారులు చాలామంది, రష్యాలో ఆస్తులు పెట్టుకున్న అమెరికా అధికారులు ఎవరున్నారు? చేతికి దొరికింది అనాథ పిల్లలు. అమెరికన్లు రష్యా పిల్లల్ని పెంచుకోకూడదని బిల్లు తెచ్చారు. రష్యా పార్లమెంటు దిగువ సభ డూమాలో అనుకూలంగా 420 ఓట్లు, వ్యతిరేకంగా 7. ఎగువ సభలో ఒక్క ఓటు కూడా ఎదురు పడలేదు. డిసెంబరు 28న పుతిన్ సంతకం. జనవరి 1 నుంచి అమలు. దానికి దీమా యాకోవ్లెవ్ చట్టం అన్న పేరు స్థిరపడింది.

అప్పటికి రెండు దశాబ్దాల్లో అమెరికా ఇళ్లలో పెరగడానికి వెళ్లిన రష్యా పిల్లలు 60,000 మంది దాకా ఉన్నారు. తండ్రి మరిచిపోయింది ఒక ఉదయం, తనకు తెలియకుండా. ఈ సభల్లో పిల్లల్ని పక్కన పెట్టినవాళ్లకు తాము ఏం చేస్తున్నదీ బాగా తెలుసు. చెయ్యెత్తి మరీ చేశారు. రష్యా ప్రజలు ఊరుకున్నారనుకోకండి. జనవరి 13న మాస్కో చలిలో వేలాదిమంది నడిచారు. దాన్ని 'దుర్మార్గులకు వ్యతిరేకంగా నడక' అన్నారు. ఓటేసిన సభ్యుల బొమ్మల మీద సిగ్గుచేటు అని రాసి పట్టుకుని నడిచారు. చట్టం కదల్లేదు.

అప్పటికే తమ పిల్లవాడెవరో తెలిసి, వెళ్లి కలిసి, ఎత్తుకుని ఆడించి, ఆఖరి కాగితాల కోసం ఎదురుచూస్తున్న దంపతులు ఉన్నారు. అలాంటివాళ్లు కొందరు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. పెంచుకునేవాళ్ల దేశాన్ని చూసి ఆపడం వివక్ష అని 2017 జనవరిలో తీర్పు వచ్చింది. రష్యా వాళ్లకు 3,000 యూరోల చొప్పున ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఇవ్వమన్నది పెద్దవాళ్లకు. పిల్లలు మాత్రం రష్యాలోనే ఉండిపోయారు. వాళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లున్నారు, ఇతర వైకల్యాలున్నవాళ్లున్నారు. అమ్మానాన్నలు దొరకని అలాంటి పిల్లలకు ఆ దేశంలో పద్దెనిమిదేళ్లు నిండితే, అనాథాశ్రమం నుంచి ఎక్కువగా పంపేది మానసిక రోగుల కోసం పెట్టిన పెద్దల ఆశ్రమాలకే.