నైస్ ఒకప్పుడు తిట్టు

ఎవరైనా 'యూ ఆర్ వెరీ నైస్' అంటే మురిసిపోతాం. ఏడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండులో అయితే అది తగువుకు దిగాల్సిన మాట. అప్పట్లో నైస్ అంటే తెలివితక్కువ దద్దమ్మ.

మూలం లాటిన్. 'నె' అంటే లేదు, 'స్కిరే' అంటే తెలియడం. 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. సైన్స్ అనే మాట పుట్టిందీ ఈ 'స్కిరే' నుంచే. ఒకే ఇంట్లో ఒకడు పండితుడు, ఒకడు మొద్దు అన్నమాట! ఆ 'నెస్కియుస్' పాత ఫ్రెంచి మీదుగా 'నైస్'గా మారి 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకు చేరింది. ఆంగ్ల కవి చాసర్ కావ్యాల్లోనూ దానికి మూర్ఖత్వమనే అర్థం కనిపిస్తుంది.

ఆ తర్వాత దాని నడక తిన్నగా సాగలేదు. మూర్ఖుడు కాస్తా బిడియస్తుడయ్యాడు, ఆనక ప్రతిదానికీ పేచీలు పెట్టే చాదస్తుడయ్యాడు. చాదస్తం ముదిరితే సూక్ష్మదృష్టే కదా! 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ఆ నిశిత పరిశీలననే మొదటి అర్థంగా ఇచ్చింది. సన్నని తేడాను 'నైస్ డిస్టింక్షన్' అనడం ఇప్పటికీ ఉంది. 'బాగుంది' అనే అర్థం 18వ శతాబ్దంలో స్థిరపడింది. 'సిల్లీ' అనే మాటది దీనికి సరిగ్గా ఎదురు నడక: ధన్యుడు అనే అర్థంతో మొదలై వెర్రివాడి దగ్గర తేలింది. ఒకప్పుడు సువాసనకూ చెల్లిన మన 'కంపు' గతీ అంతే.

బాగుందనే అర్థం వచ్చాక నైస్‌కు పట్టపగ్గాల్లేవు. 1817 చివర్లో వెలువడిన 'నార్తాంగర్ అబ్బే' నవలలో జేన్ ఆస్టిన్ దీన్ని కడిగేసింది. పుస్తకానికీ, షికారుకూ, మనుషులకూ అదే మాటా అని నాయకుడు హెన్రీ టిల్నీ చేత నాయిక కాథరిన్‌ను ఆటపట్టించింది. ఆ వెక్కిరింతకు నేటికీ కాలం చెల్లలేదు. దయగల మనిషికి కైండ్, హాయైన వాతావరణానికి ప్లెజెంట్, రుచైన వంటకు డెలిషస్ ఉండగా అన్నిటికీ నైస్ అనడం బద్ధకమే.

తెలుగువాళ్ల నోట్లో పడి అది మళ్లీ రంగు మార్చింది. పిండి నైసుగా రుబ్బమంటే మెత్తగా అని. నైసుగా జారుకున్నాడంటే ఎవరికీ తెలియకుండా అని. నైసుగా మాట్లాడి పని చేయించుకున్నాడంటే తీపి మాటలతో బుట్టలో వేశాడని. ఈ చివరి రెండూ మనం అద్దిన అర్థాలే. మన నిఘంటుకారులు వాటిని అరువు మాటలని పక్కన పెట్టకుండా, తెలుగు మాటలుగానే ఎక్కించాలి.