కేబుల్ ఆధారిత పైకప్పులు

మధ్యలో స్తంభాలు లేకుండా విశాలమైన ఆవరణను కప్పేందుకు ఉక్కు కేబుళ్ల ఆసరాతో నిలిపే నిర్మాణాలు. స్టేడియాలకు, సభామందిరాలకు ఎక్కువగా వాడతారు.

పనితీరు: కేబుల్ లాగుడు బలాన్ని మాత్రమే భరిస్తుంది. ఆ లాగుడును అంచు కమానులో, వలయాలో, నేలలోని లంగరు దిమ్మెలో తట్టుకోవాలి. కప్పు తేలికైనది కనుక ఈదురుగాలి దాన్ని పైకి లేపే ప్రమాదం ఉంది. అందుకే ఎదురు వంపు గల మరో వరుస కేబుళ్లను జోడించి, ముందే బిగించి ఉంచుతారు. కొన్నిచోట్ల కాంక్రీటు పలకల బరువుతో అదిమిపెడతారు.

నిర్మాణ విధానం: కప్పు ఆకృతిని, ప్రతి కేబుల్ పొడవును గణించాక, కేబుళ్లను ముందుగా సాగదీసి కత్తిరిస్తారు. వలను నేలపైనే కూర్చి, హైడ్రాలిక్ జాకీలతో అంచెలంచెలుగా పైకెత్తి బిగిస్తారు. దీంతో పరంజా ఖర్చు తగ్గుతుంది. తుప్పు పట్టకుండా తీగలకు జింకు పూత వేస్తారు.

ప్రసిద్ధ నిర్మాణాలు: అమెరికాలోని రాలీ నగరపు డార్టన్ ఎరీనా (1952) తొలితరం నమూనా, వాలుగా నిలిచిన రెండు కాంక్రీటు కమానుల మధ్య జీను ఆకారపు కప్పు దీని ప్రత్యేకత. టోక్యోలో కెంజో టాంగె రూపొందించిన యొయోగి వ్యాయామశాల (1964), ఫ్రై ఒట్టో పాలుపంచుకున్న మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం (1972) తర్వాతివి.

హైదరాబాద్: 2020 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన పైకప్పు కాకపోయినా, కేబుల్ లాగుడుతో భారం మోసే సూత్రానికి దగ్గరి ఉదాహరణ. దాని ప్రధాన అంతరం సుమారు 234 మీటర్లు. అక్కడ వాలు కేబుళ్లు వంతెన భారాన్ని స్తంభాలకు చేరవేస్తాయి.