డుడుమ జలపాతం చూడ్డానికి వెళ్ళి తెలుసుకున్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన శని, ఆదివారాలు హాస్టల్ స్నేహితులం ఐదుగురం మూడు బళ్ళ మీద డుడుమ జలపాతానికి వెళ్ళొచ్చాం. పాడేరులో తెల్లారగట్ల బయల్దేరి పెదబయలు, ముంచంగిపుట్టు మీదుగా వెళ్ళాం. చలి మామూలుగా లేదు. దారి పొడుగునా వలిసె పూలు పచ్చగా పూసి ఉన్నాయి, ఫొటోల కోసం నాలుగుసార్లు ఆగాం. మాలో ఒకడు నాకు వరసకి బావ. వాళ్ళ అమ్మమ్మగారిల్లు అటువైపే, ఒడిశా పక్కన. రాత్రికి అక్కడే పడుకోవాలని ముందే అనుకున్నాం.

జలపాతం ఎత్తు సుమారు 570 అడుగులు. అంచు దగ్గర నిలబడి చూస్తే కాళ్ళు వణుకుతాయి. కింద లోయంతా పొగలా తుంపర. కానీ రాతిగోడ అంత వెడల్పు ఉంటే, నీళ్ళు మాత్రం ఒక పక్కన జారుతున్నాయి. "ఇంతేనేటిరా? వీడియోల్లో ఇంకా పెద్దగా ఉంది కదా" అన్నాడు ఒకడు. దానికి బావ, "అది వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు తీసిందిరా. మిగతా రోజుల్లో నీళ్ళు పైపుల్లో పోతాయి. మిగిలింది ఇది" అన్నాడు.

ఆ మాట విన్నాక వచ్చిన దగ్గర్నుంచి దీని గురించే చదువుతున్నాను.

ఈ నది మాచ్‌ఖండ్. పుట్టేది మన మాడుగుల కొండల్లో. హుకుంపేట మండలంలో మత్స్యగుండం చూశారు కదా, అక్కడ చేపల్ని ఎవరూ పట్టరు, శివరాత్రికి జాతర చేస్తారు. ఆ నీళ్ళే ఇటు వస్తాయి. డుడుమ దాటి కిందికి పోయేకొద్దీ దీని పేరు సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో కలుస్తుంది. నదికి అటూ ఇటూ ఉండేది ఒకే జనం: గదబలు, పోర్జలు, కోటియాలు, వాల్మీకులు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు కొరాపుట్ అటు పోయింది, పాడేరు ఇటు మిగిలింది. అంతకు ముందు రెండూ మద్రాసు కింద విశాఖపట్నం ఏజెన్సీలోనే ఉండేవి. నది సరిహద్దు అయింది గానీ చుట్టరికాలు ఆగలేదు. బావ వాళ్ళ కుటుంబమే దానికి సాక్ష్యం.

తర్వాత పదేళ్ళకి, 1946లో, మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు మాచ్‌ఖండ్ కరెంటు మీద ఒప్పందం రాసుకున్నాయి. మద్రాసుకి 70 వంతులు, ఒడిశాకి 30. (ఆ 70 తర్వాత ఆంధ్రాకి వచ్చింది. ఒడిశా వాటా పెరిగి సగం దాకా చేరింది.) జోలాపుట్ దగ్గర పెద్ద డ్యామ్ కట్టి నీళ్ళు నిల్వ చేశారు. జలపాతం దగ్గర ఇంకో ఆనకట్టతో ఆ నీళ్ళు మళ్ళించి, లోయలో ఉన్న పవర్‌హౌస్‌కి పైపుల్లో దించారు. 1955లో కరెంటు మొదలైంది. ఇప్పుడు ఆరు మిషన్లు, మొత్తం 120 మెగావాట్లు. విశాఖపట్నం, కోస్తా ఊళ్ళు ఎదిగింది ఈ కరెంటు మీదే అంటే అబద్ధం కాదు.

వాటాల లెక్క అంత పక్కాగా రాసుకున్నారు. మునిగిన ఊళ్ళ లెక్క మాత్రం తర్వాత పరిశోధకులు తవ్వితేగానీ బయటికి రాలేదు. సుమారు 3 వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. వాటిలో సగం పైన ఆదివాసీ కుటుంబాలు. పునరావాసం అంటూ దొరికింది 600 కుటుంబాలకి మాత్రమే. అప్పుడు ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అందులో పరిహారం అనే మాట ఉంది, పునరావాసం లేదు. పట్టా చూపించగలిగిన వాడికి డబ్బులు, పోడు చేసుకునేవాడికి ఏమీ లేదు. మనలో ఎంతమంది తాతలకి పట్టా ఉండేదో మీకే తెలుసు.

రాత్రి బావ వాళ్ళ అమ్మమ్మ దగ్గర కూర్చున్నాం. గదబ మనిషి, ఎనభై దాటి ఉంటాయి. దేశియాలో మాట్లాడింది, బావ తెలుగులో చెప్పాడు. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమెకి ఏడెనిమిదేళ్ళు. ఇల్లు గురించి ఆమె పెద్దగా చెప్పలేదు. రాళ్ళ గురించి చెప్పింది.

తెలియని వాళ్ళ కోసం: గదబల ఊరి మధ్య చెట్టు కింద రాళ్ళు పేర్చిన చోటు ఉంటుంది, సొదొర్ అంటారు. చనిపోయిన పెద్దలకి గొట్టర్ చేసి నిలబెట్టిన రాళ్ళు అవి. ఊరి పంచాయితీ కూర్చునేదీ వాటి మీదే. అంటే బతికున్న వాళ్ళు పెద్దల మీద కూర్చుని తీర్పు చెప్తారన్నమాట. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమెండార్ఫ్ 1943లోనే గదబలు, బోండాల ఈ రాళ్ళ ఆచారం మీద వ్యాసం అచ్చు వేశాడు. అంటే డ్యామ్ ఒప్పందానికి మూడేళ్ళ ముందే ఇది కాగితం మీద ఉంది. తెలియక ముంచారని అనడానికి లేదు.

"కోళ్ళు, మేకలు, గింజలు మోసుకొచ్చాం. రాళ్ళు ఎలా మోస్తాం? మోసినా కొత్త చోట అవి ఎవరి రాళ్ళు?" అంది.

ఇదే నదిలో ఇంకా కిందికి బలిమెల కట్టారు. అక్కడ 151 ఊళ్ళకి మూడు పక్కలా నీళ్ళు చేరి, పడవ తప్ప దారి లేకుండా పోయింది. వాళ్ళకి వంతెన వచ్చింది 2018లో. తర్వాత మన వైపు ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460. ఇప్పుడు ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. కరెంటు వద్దని నేను అనట్లేదు, హాస్టల్‌లో ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ఇది రాస్తున్నాను. కానీ ఇప్పుడు పీసా చట్టం ఉంది (1996), అటవీ హక్కుల చట్టం ఉంది (2006), 2013 భూసేకరణ చట్టం ఉంది. అమ్మమ్మ తండ్రిని ఎవరూ అడగలేదు. మనల్ని గ్రామసభలో అడిగి తీరాలి. ఆ రోజు గ్రామసభలో మనం ఉంటామా, టౌన్‌లో ఉంటామా అన్నదే నా భయం.

మీ ఇళ్ళల్లో జోలాపుట్, బలిమెల, సీలేరు ముంపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ పాత ఊరి పేరు, కులదేవత, సొదొర్ ఎక్కడుండేదో అడిగి ఇక్కడ రాయండి. నేను ఒక నోట్‌బుక్ మొదలెట్టాను. అమ్మమ్మ ఒక్కతే పదకొండు ఊళ్ళ పేర్లు చెప్పింది.

పొద్దున్న మేం బయల్దేరుతుంటే ఆమె బావని అడిగింది, జోలాపుట్‌లో నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయని. బాగా కరువొచ్చిన ఏడు నీళ్ళు దిగితే వాళ్ళ ఊరి రాళ్ళు బయటికి తేలతాయట. నిండుగా ఉందని బావ చెప్పాడు.

"అయితే ఈ ఏడు కనపడవు" అని లోపలికి వెళ్ళిపోయింది.