బొంత, రొట్టె, కాగితం: ఒక పాతగుడ్డల మూట కథ

పోయినసారి మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, మేమున్న ఊరి చర్చిలో చేతిపనుల అమ్మకం జరుగుతుంటే చూపించడానికి తీసుకువెళ్ళాను. ఒక బల్ల మీద ఇంట్లో కాల్చిన రొట్టెలు, ఆపిల్ పైలు. ఇంకో బల్ల మీద రంగు కాగితాలు కత్తిరించి అతికించిన గ్రీటింగు కార్డులు. గోడ పొడుగునా క్విల్టులు. అమ్మ ఒక క్విల్టు అంచు పట్టుకుని, తిరగేసి, కుట్టు పరీక్షగా చూసి, ధర చీటీ నాచేత చదివించుకుని, "ఇది మన బొంతే కదే! దీనికింత డబ్బా?" అంది.

నవ్వబోయాను గాని నవ్వు సగంలోనే ఆగిపోయింది. నేను ఈ దేశానికి బయలుదేరిన రోజున, తన పాత చీరలూ మా అమ్మమ్మ చీరలూ పొరలుగా వేసి కుట్టిన బొంత ఒకటి అమ్మ నా పెట్టెలో పెట్టబోయింది. "పాత చీరల బొంతతో అమెరికా ఏమిటమ్మా" అని తీసి మంచం మీద పడేసినదాన్ని నేనే. ఆ సంగతి అమ్మ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేను చరిత్ర చదివినదాన్ని కాను. నా వృత్తి వైద్యం. కాని ఆ రోజు నుంచి ఆ మూడు బల్లల సంగతి తెలుసుకోవాలని లైబ్రరీలో దొరికిన పుస్తకాలు తిరగేశాను. చివరకు నాకు అర్థమయింది ఇది: రొట్టె, కార్డు, క్విల్టు మూడు వేరువేరు సరదాలు కావు. మూడూ ఒక ఇంటి మూలన ఉండే పాతగుడ్డల మూట చుట్టూ పెరిగిన పనులు.

ముందు కాగితం సంగతి. ఇప్పుడు కాగితమంటే మనకు చెట్టు గుర్తొస్తుంది. పందొమ్మిదో శతాబ్దం సగం దాకా ఈ దేశంలో కాగితమంటే పాతగుడ్డ. నారబట్టల, నూలుబట్టల పేలికలను నానబెట్టి, మాగబెట్టి, దంచి గుజ్జు చేసి, సన్నని తీగల చట్రంతో ఆ గుజ్జును నీళ్ళలోంచి పైకి తీసి, అదిమి ఆరబెట్టేవారు. ఇక్కడి మొదటి కాగితపు మిల్లు 1690లో ఫిలడెల్ఫియా దగ్గర జర్మన్‌టౌన్‌లో వెలిసింది. విలియం రిట్టెన్‌హౌస్ అనే ఆయన దాన్ని నడిపాడు. మిల్లులు పెరిగినకొద్దీ పేలికలకు కరువొచ్చింది. చింకిగుడ్డలు పారేయకుండా దాచిపెట్టమని ఇల్లాళ్ళను బతిమాలుతూ పత్రికల్లో ప్రకటనలు వేసేవారు. చిరిగిన చొక్కాలో ఇంకా గట్టిగా ఉన్న ముక్క క్విల్టుకు, బొత్తిగా చివికింది మిల్లుకు. 1844లో జర్మనీలో కెల్లర్ అనే ఆయన కర్రను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాకగాని గుడ్డకూ కాగితానికీ బంధుత్వం తెగలేదు.

కాగితం చవకయ్యే ఆ రోజుల్లోనే మసాచుసెట్స్‌లోని వుస్టర్ పట్నంలో ఎస్తర్ హౌలండ్ అనే అమ్మాయి ఉండేది. 1847లో మౌంట్ హోల్యోక్‌లో చదువు ముగించింది. తండ్రికి కాగితాల, పుస్తకాల కొట్టు. ఇంగ్లండు నుంచి వచ్చిన లేసు కాగితపు వాలెంటైన్ కార్డు ఒకటి చూసి, ఇంతకంటె బాగా నేనే చేస్తాననుకుంది. నమూనాలు చేసి, ఊళ్ళు తిరిగి సరుకమ్మే అన్నకిచ్చింది. రెండు వందల డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంటే ఐదు వేల డాలర్లకు వచ్చాయని చెబుతారు. స్నేహితురాళ్ళను పిలిచి, ఇంట్లోనే పొడుగాటి బల్ల వేసి, ఒకరు కత్తిరించడం, ఒకరు లేసు అతకడం, ఒకరు బొమ్మ అంటించడం, ఇలా పని పంచింది. మోటారు కార్ల ఫ్యాక్టరీలకు పేరు తెచ్చిన పద్ధతి, వాటికంటె అరవై ఏళ్ళు ముందే, జిగురూ కత్తెరలతో ఆ బల్ల మీద నడిచింది. తండ్రికి జబ్బు చేస్తే ఆయన్ను చూసుకోవడానికి వ్యాపారాన్ని 1881లో అమ్మేసింది. తన కార్డుల వెనక ఎర్ర సిరాతో చిన్న "హెచ్" అక్షరం వేసేది. ఆమె చేసిన కార్డులను ఈనాటికీ గుర్తుపట్టడానికి ఆ అక్షరం సాయపడుతుంది.

ఇక రొట్టె. మనలో చాలామందికి బ్రెడ్డంటే రోగి ఆహారం. మా ఇంట్లో బ్రెడ్డు కనిపించిందంటే ఎవరికో జ్వరమన్నమాట. పాలలో ముంచి తినిపించేవారు. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆదివారం పూట సరదాగా రొట్టె కాల్చుకోవడమేమిటో నాకు అర్థమయేది కాదు. నిజానికి ఇక్కడి ఇల్లాలికీ ఒకప్పుడు అది సరదా కాదు. వారం వారం, వేసవిలోనైనా సరే, పొయ్యి ముందు నిలబడక తప్పని చాకిరీ.

ఆ చాకిరీలో సగం పిండిని పొంగించడమే. మన ఇడ్లీపిండి రాత్రంతా పులిసినట్లే వీళ్ళ పిండి కూడా ఈస్టు దయ మీద ఆధారపడేది. చలికాలంలో పొంగేది కాదు, ఒక్కొక్కసారి చెడిపోయేది. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అమీలియా సిమ్మన్స్ వేసిన "అమెరికన్ కుకరీ" పుస్తకంలో ఒక కొత్త ఉపాయం కనిపిస్తుంది: పొయ్యిలోని కట్టెల బూడిదను నీళ్ళలో కలిపి వడగట్టి, మరగించి, శుద్ధి చేసిన తెల్లటి క్షారం. పులిసిన మజ్జిగలాంటి దానితో అది కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండి క్షణాల్లో పొంగుతుంది. ఇది మనం మొదటి ఏడాది కెమిస్ట్రీ లాబులో చేసిన పనే. ఆ క్షారం తరువాత వంటసోడా వచ్చింది. 1856లో హార్వర్డ్ ప్రొఫెసరు ఎబెన్ హార్స్‌ఫర్డ్ పులుపుకు బదులు పనికివచ్చే ఒక ఫాస్ఫేటు పొడికి పేటెంటు తీసుకున్నాడు. మనవాళ్ళు వింటే కాస్త ఉలిక్కిపడతారేమో, మొదట్లో దాన్ని కాల్చిన ఎముకల నుంచి తీసేవారు. గనుల్లోంచి తవ్విన ఫాస్ఫేటు వాడడం ఆ తరువాతి మాట.

ఈ వరసలో నేను ఎక్కువగా అభిమానించే మనిషి ఫ్యానీ ఫార్మర్. పదహారో ఏట పక్షవాతంలాంటి జబ్బు చేసి ఏళ్ళ తరబడి నడవలేక చదువు మానుకుంది. ముప్ఫై దాటాక బోస్టన్ వంటల బడిలో చేరి, తరువాత దానికే ప్రిన్సిపాల్ అయింది. 1896లో ఆమె పుస్తకం వేయడానికి ప్రచురణకర్తలకు నమ్మకం కుదరక, మొదటి మూడు వేల ప్రతుల ఖర్చు ఆమెచేతనే పెట్టించారు. "గుడ్డంత వెన్న, చాలినంత పిండి" అనే లెక్కలు పోయి, కప్పును, చెంచాను కత్తితో అంచుకు సమంగా గీసి కొలిచే పద్ధతి ఇంటింటికీ పాకింది ఆ పుస్తకంతోనే. రోగుల వంట మీద 1904లో ఇంకో పుస్తకం రాసింది. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో పాఠాలు చెప్పింది. చివరి రోజుల్లో చక్రాల కుర్చీలో కూర్చునే ఉపన్యసించింది. మందు మోతాదులాగే వంటలోనూ కొలత ఉంటే కొత్తవాళ్ళకు ధైర్యం వస్తుందని ఆమెకు తెలుసు. మనకు అమ్మ చెప్పే "చూసి వేసుకో" అన్న కొలత సప్తసముద్రాలు దాటాక ఎంత పనిచేస్తుందో మనకూ తెలుసు.

రొట్టెకూ గుడ్డల మూటకూ ముడి వేసింది పిండి సంచి. మొదట్లో పిండి కర్ర పీపాల్లో వచ్చేది. 1846లో ఎలియాస్ హవ్ కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నాక, గట్టి కుట్టుతో నూలు సంచులు తయారుచేయడం సులువయింది. పిండి అయిపోయాక సంచి ఇంట్లో మిగిలేది. రాత్రంతా నానబెట్టి, మిల్లు పేరు పోయేదాకా రుద్ది ఉతికి, తువ్వాళ్ళూ లోపలి బట్టలూ క్విల్టు అడుగుపొరలూ కుట్టుకునేవారు. 1930ల కరువు రోజులకు మిల్లుల వాళ్ళు కిటుకు గ్రహించి పువ్వుల అచ్చులతో సంచులు వేయించారు. గౌనుకు మూడు సంచుల గుడ్డ పట్టేది. మూడూ ఒకే పువ్వు కావాలి కనుక, పిండి కొనడానికి వెళ్ళే మగవాడి చేతిలో భార్య గుడ్డముక్క పెట్టి పంపేది. యుద్ధం తరువాత కాగితపు సంచులొచ్చి ఈ ముచ్చట ముగిసింది. గుడ్డ ఒకప్పుడు కాగితానికి ప్రాణమిచ్చింది. చివరకు ఆ కాగితమే గుడ్డను దుకాణంలోంచి బయటికి పంపింది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఇంగ్లీషు కంపెనీ 1611లో బందరులో కొట్లు తెరిచింది. అక్కడి అద్దకపు బట్టల మీద యూరప్ మోజుపడింది. కారణం రంగులే. కరక్కాయ పాలలో నానిన బట్ట మీద పటికనీళ్ళతో గీసి చిరివేరులో ఉడకబెడితే ఎరుపు, బెల్లంలో ఊరిన ఇనుపనీళ్ళతో గీస్తే నలుపు. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని రంగులు అప్పటికి అక్కడివాళ్ళకు తెలియవు. మంచం మీద పరిచే పెద్ద బట్టల మీద పూలచెట్టు అద్దేవారు. మన "పలంగ్‌పోష్" మాట ఇంగ్లీషువాళ్ళ నోట "పలంపోర్" అయింది. తమ నేతగాళ్ళు గొడవచేస్తే ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700, 1721 చట్టాలతోనూ ఈ బట్టలను అడ్డుకున్నాయి. కాని ఇంగ్లండు మీదుగా వలసదేశాలకు పంపడం మాత్రం సాగింది. అలా కోరమండల్ తీరపు బట్ట అమెరికా చేరింది.

ఖరీదైన బట్ట కనుక ఇక్కడి ఆడవాళ్ళు దాన్ని పొదుపుగా వాడారు. పువ్వునూ పిట్టనూ కొమ్మనూ విడివిడిగా కత్తిరించి, తెల్లబట్ట మీద దూరదూరంగా అమర్చి, చుట్టూ సన్నగా కుట్టి క్విల్టు చేసేవారు. ఈ పనికి బ్రాడరీ పెర్స్ అని పేరు. తరువాత ఇంగ్లండు మిల్లుల అచ్చుబట్టలు ఆ చోటు ఆక్రమించాయి గాని, మొదట్లో ఆ పువ్వులు మన నీళ్ళలో ఉతికిన పువ్వులే. చర్చి గోడ మీది క్విల్టు చూసి మా అమ్మ "మన బొంతే" అన్న మాటలో, ఆమెకు తెలియకుండానే, ఇంత చరిత్ర ఉంది.

అయితే ఆ పువ్వులు అద్దిన బందరు చేతుల పేర్లు ఎవరూ రాసి ఉంచలేదు. కత్తిరించి కుట్టిన చేతుల పేర్లూ చాలా వరకు మిగలలేదు. 1971లో న్యూయార్కు విట్నీ మ్యూజియం క్విల్టులను గోడలకు చిత్రాల్లా వేలాడదీసింది. ఆ తరువాతే క్విల్టు సరదా ఈ దేశమంతా మళ్ళీ అందుకుంది. కాని ఏ మ్యూజియంలో చూసినా పాత క్విల్టుల కింద తరచు కనిపించే మాట "చేసినవారు తెలియదు" అన్నదే.

పేరు మిగిలిన ఒకామె కథ చెప్పి ముగిస్తాను. హారియెట్ పవర్స్ 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. అంతర్యుద్ధం తరువాత విముక్తి పొంది, భర్తతో కలిసి చిన్న కమతం చేసుకుంటూ, బైబిలు కథలను పదకొండు గళ్ళలో గుడ్డబొమ్మలుగా కుట్టింది. 1886లో ఎథెన్స్ ఊరి పత్తి ప్రదర్శనలో దాన్ని చూసిన జెన్నీ స్మిత్ అనే డ్రాయింగు టీచరు కొంటానంటే, ఏ ధరకూ అమ్మనంది. కొన్నేళ్ళకు రోజులు బాగుండక, ఎడ్లబండిలో ఒళ్ళో పెట్టుకుని తానే తీసుకొచ్చింది. ఉతికిన పిండిసంచిలో చుట్టి, పైన ఇంకో సంచి తొడిగి తెచ్చింది. పది డాలర్లు అడిగింది. స్మిత్ ఐదే ఇవ్వగలనంది. భర్తతో మాట్లాడుకుని సరేనంది. ఇచ్చేముందు ఒక్కొక్క గడి కథా చెప్పింది, స్మిత్ రాసుకుంది. ఆ తరువాత తన క్విల్టును చూసుకోవడానికి హారియెట్ ఎన్నోసార్లు ఆ ఇంటికి వచ్చిపోయేదట. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ రోజు ఆ మాటలు కాగితం మీద పడకపోతే అదీ పేరు లేని గుడ్డే అయ్యేది.

ఇది చదివిన రాత్రి అమ్మను అడిగాను, నా బొంత ఏమయిందని. "ఇంకెక్కడి బొంతే! తమ్ముడి కొడుకు ఉయ్యాలలో వేశాను. చివికిపోయింది" అంది. బాధతోపాటు కొంత ఊరట కూడా కలిగింది. బొంత చేయవలసిన పని చేసే పోయింది. అమ్మ ఇక్కడ ఉన్న ఆరువారాల్లోనే ఇంకొకటి మొదలుపెట్టాం. తన చీరలు రెండు, నా పెళ్ళినాటి పట్టుచీర చిరుగు, మా వారి చొక్కా, చివరికి నా హాస్పిటలు ఆకుపచ్చ దుస్తులూ అందులోకి వెళ్ళాయి. ఓవెన్‌లో రొట్టె పొంగుతుంటే పక్కన కూర్చుని కుట్టాం. అవసరం తీరాక కూడా మిగిలే సుఖం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఏ ముక్క ఎవరిదో, ఎప్పటిదో అమ్మ చెబుతుంటే తెలుగులో ఒక కాగితం మీద రాసి, చిన్న జేబు కుట్టి బొంత వెనక పెట్టాను.

సంక్రాంతి కలయికకు వచ్చేటప్పుడు మీ ఇళ్ళలోని పాత చీర ముక్క ఒకటి తీసుకురండి. అందరం కలిసి సంఘానికి ఒక బొంత కుడదాం. ముక్కతోపాటు అది ఎవరు కట్టిన చీరో రెండు వాక్యాలు రాసి తేవడం మాత్రం మరవకండి.