కొన్న పుస్తకం, అద్దె పత్రిక

అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల వెలిసిన 1951 నాటికే గోదావరి సీమ గ్రంథాలయోద్యమాన్ని చూసేసింది. గౌతమికి అవతల కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. కళాశాల లైబ్రేరియన్ పని అప్పటికే ఒక గాడిలో పడి ఉంది. పుస్తకం రాగానే బిల్లుతో సరిచూడటం, యాక్సెషన్ రిజిస్టర్‌లో నంబరు వేయటం, ముద్ర కొట్టటం, కార్డు రాయటం, బీరువాలో పెట్టటం. ఒకసారి ఎక్కించాక మళ్లీ స్టాక్ వెరిఫికేషన్ నాడే దాని ఊసు. ఆ రోజు లెక్క తేలకపోతే మాత్రం చెమటలు పట్టేవి. పోయిన పుస్తకం ఖరీదు ఎక్కడ జీతంలో కోస్తారోనని భయం.

ఎలక్ట్రానిక్ పత్రికలు ఈ పద్ధతిని తలకిందులు చేశాయి. ఇక్కడ కొనటం ఉండదు, గడువున్న అనుమతి ఉంటుంది. అందుకే పని ఏటా మొదటికొస్తుంది. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ను యు.జి.సి. 1991లో మొదలుపెట్టినా, 2004లో ఉమ్మడి చందాతో పత్రికలు అందింది విశ్వవిద్యాలయాలకే. డిగ్రీ కళాశాలల వంతు 2010 మే నెలలో ఎన్-లిస్ట్ అనే పథకంతో గానీ రాలేదు. తర్వాతి ఏళ్లలో ఏడాదికి 5,000 రూపాయలకు ఆరు వేలకు పైగా పత్రికలు! ఒక్క విదేశీ పత్రిక చందాకే చాలని డబ్బది.

ఎంపిక, సేకరణ, అమలు, నిరంతర పరిశీలన, వార్షిక సమీక్ష, రద్దు అంటూ ఈ పనిని ఆరు దశలుగా చూపే టెర్మ్స్ నమూనా 2011లో వచ్చింది. మన కళాశాలల్లో అందులో సగం దశలు కనపడవు. బేరం, ఒప్పందం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఉన్న గాంధీనగర్‌లోనే ముగిసిపోతాయి. ఇక్కడ మిగిలేది పేర్ల పని. అడ్మిషన్లు అయ్యాక పేరు, శాఖ, మెయిల్ ఎక్సెల్‌లో కొట్టి ఎన్-లిస్ట్‌లోకి ఎక్కించాలి. పాసైపోయినవాళ్లను తీసెయ్యాలి. దరఖాస్తు నింపిన నెట్ సెంటరు వాళ్ల మెయిలే కుర్రాడి మెయిల్‌గా ఉంటే పాస్‌వర్డు ఆ సెంటరుకే పోతుంది. దీన్ని చిల్లర పని అనుకునేవాళ్లున్నారు కానీ, నా దృష్టిలో అసలు లైబ్రరీ ఇదే. పేరు ఎక్కని విద్యార్థికి ఆరు వేల పత్రికలూ లేనట్టే. కళాశాల నాణ్యతను బేరీజు వేసే న్యాక్ బృందం వచ్చేముందు మాత్రం వాడకం లెక్కల కోసం అందరూ లైబ్రరీ వైపు పరిగెడతారు.

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అచ్చు పుస్తకానికి ఎన్నడూ లేని చిక్కు ఇది. ప్రచురణకర్త సర్వర్ ఆగిపోతే ఫిర్యాదుకు దారి ఉంటుంది. ఊరు మొత్తానికే ఇంటర్నెట్ కట్టేస్తే ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం పత్రికల ఉమ్మడి చందా పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు ఆమోదం తెలిపింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,000 కోట్ల రూపాయలు. అయితే అది ప్రభుత్వ సంస్థలకే. రాజోలు, కొత్తపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఆ కోవలోకి వస్తాయి. పక్క వీధిలో ప్రైవేటు యాజమాన్యం నడిపే కళాశాల రాదు. ఒకే సిలబస్, ఒకే నన్నయ విశ్వవిద్యాలయం పరీక్ష, చదివే పత్రికలు మాత్రం వేరు. కేటాయించిన డబ్బు కూడా 2027 వరకే. ఆపైన చందా ఆగితే పాత సంచికలు తెరుచుకుంటాయా లేదా అన్నది ఒప్పందంలోని షరతును బట్టి ఉంటుంది. ఆ ఒప్పందం మీద సంతకం చేసింది కోనసీమ లైబ్రేరియన్ కాదు.